పన్నెండు అంగలు

పోయిన వారం సుకన్యను గ్రౌండులో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చేతిలో కొలత టేపు పెట్టి వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్లకు లేచి మట్టి దులుపుకునే వీలు కూడా ఇవ్వలేదు. అసలు ఆమె అక్కడికి ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్లకూ, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్లకూ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

ఆదివారం సాయంత్రం ఎర్రమంజిల్ వెనక గ్రౌండులో ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ జరిగింది. నీలం చొక్కాల అమీర్‌పేట యంగ్‌స్టార్స్ ఒకవైపు, ఎర్ర చొక్కాల పంజగుట్ట ఫ్రెండ్స్ ఇంకోవైపు. రెండింటికీ మధ్య దూరం మెట్రోలో ఒక్క స్టేషను. పగ మాత్రం మూడు తరాలది. అమీర్‌పేట ఆటగాడు పంజగుట్టలో క్షవరం చేయించుకోడు, పంజగుట్టవాడు అమీర్‌పేటలో టిఫిన్ తినడు, అంతవరకూ వచ్చింది వ్యవహారం. ఈ మ్యాచ్‌కు రెఫరీ మన సుకన్య. ఈ రెండు జట్ల మధ్య విజిలు పట్టిన మొదటి ఆడపిల్ల. ఎనభై ఎనిమిదో నిమిషంలో అమీర్‌పేట డిఫెండర్ ఒకడు చేత్తో బంతి ఆపాడు. సుకన్య పెనాల్టీ ఇచ్చింది. పంజగుట్ట కెప్టెన్ అనుదీప్ కొట్టాడు. అమీర్‌పేట గోలీ తారక్ సరైన వైపే దూకాడు గానీ, అతను నేల వదిలేలోపే బంతి వలలో పడింది. పంతొమ్మిదేళ్ల తర్వాత కప్పు పంజగుట్టకు వెళ్లింది.

గంట తిరక్కుండా అమీర్‌పేట సెక్రటరీ చలపతిరావు ఫిర్యాదు రాసిచ్చాడు. రెఫరీ పంజగుట్ట పాత ఆటగాడు రాజనర్సయ్య కూతురు, కావాలనే పెనాల్టీ ఇచ్చింది అని. ఈ ఊళ్లో ఏదో ఒక క్లబ్బుకు చుట్టం కాని రెఫరీ ఎక్కడున్నాడు చెప్పండి! అయినా ఫిర్యాదు ఫిర్యాదే. సోమవారం సాయంత్రం ఐదులోపల మాసబ్ ట్యాంక్‌లోని లీగ్ ఆఫీసుకు సుకన్య రిపోర్టు ఇవ్వాలి. రాత్రంతా నిద్రపట్టక, తెల్లారగానే టేపు పట్టుకొని గ్రౌండుకొచ్చింది. చేయి తగిలింది గోల్ ముందున్న పెనాల్టీ డబ్బా లోపలే అని కొలిచి రాద్దామని ఆమె ఆలోచన. డబ్బా కొలవబోతూ, పనిలో పనిగా ముందు గోల్ లైను నుంచి బంతి పెట్టే పెనాల్టీ చుక్క దాకా కొలిచింది. పదకొండు మీటర్లు ఉండాల్సినచోట టేపు తొమ్మిది మీటర్ల అరవై దగ్గర ఆగింది.

అక్కడే ఆపాం. ఇక పదండి.

సుకన్య టేపు వదిలేసి మళ్లీ పెట్టింది. తొమ్మిది అరవై. గోల్ లైను కాడ టేపు కొసకు పాతిన మేకు సరిగ్గా దిగలేదేమోనని రాయితో కొట్టి మళ్లీ చూసింది. తొమ్మిది అరవై. టేపు ఈడ్చుకుంటూ అవతలి గోల్ దాకా పరుగెత్తింది. అక్కడా అంతే. డబ్బా పదహారున్నర మీటర్లు ఉండాలి, పద్నాలుగూ నలభై ఉంది. అంటే గీతలన్నీ ఒకే లెక్కన కుంచించుకుపోయాయి. అన్నీ కలిసి తగ్గితే కంటికి తేడా ఎక్కడ తెలుస్తుంది? ఆమెకూ తెలియలేదు. డబ్బా చిన్నదైనా పెద్దదైనా చేయి తగిలింది లోపలే, పెనాల్టీ న్యాయమే. దూరం మాత్రం అన్యాయం. ఉండాల్సినదానికంటే మీటరున్నర ముందునుంచి కొడితే గోలీ అన్నవాడు ఏం చేస్తాడు? సుకన్య గట్టు మీద కూలబడింది, కూర్చోలేక మళ్లీ లేచింది.

మ్యాచ్‌కు ముందు కొలవలేదా అని మీరు అడుగుతారు. అడగాలి. ఇక్కడే ఉంది తిరకాసు. ఈ రెండు క్లబ్బుల మధ్య ఒక ఆనవాయితీ ఉంది. కిందటి మ్యాచ్‌లో ఓడిన క్లబ్బు సెక్రటరీ, వచ్చే మ్యాచ్‌కు స్వయంగా తన చేతులతో గ్రౌండుకు సున్నం గీతలు గీయాలి. కూలి మనిషిని పెట్టకూడదు, టేపు పట్టకూడదు. అంగలు వేసి కొలుచుకుంటూ, బకెట్లోంచి సున్నం పోసుకుంటూ పోవాలి. గెలిచినవాళ్లు గట్టు మీద కూర్చొని మిర్చి బజ్జీలు తింటూ చూస్తారు. కిందటి లీగ్ మ్యాచ్‌లో ఓడింది అమీర్‌పేట, కాబట్టి ఈసారి ఆ వంతు చలపతిరావుది. గీసిన గీత మీద మళ్లీ ఎవరైనా టేపు పెట్టారంటే ఓడినవాడి మొహాన ఉమ్మేసినట్టు. ఎనభైల్లో ఒక రెఫరీ తెలియక ఆ పని చేస్తే నాలుగు తలలు పగిలాయట. ఆ తర్వాత ఏ రెఫరీ జేబులోంచీ టేపు బయటికి రాలేదు. మ్యాచ్ ఫారంలో 'గ్రౌండు కొలిచి చూశాను' అని ఒక గడి ఉంటుంది. అందరూ కళ్లు మూసుకొని టిక్కు కొడతారు. సుకన్యా కొట్టింది. మొదటిసారి వచ్చిన ఆడపిల్ల, రాగానే పెద్దమనిషిని అవమానించిందన్న మాట ఎందుకని ఊరుకుంది.

దొంగ టిక్కుకు శిక్ష రెండేళ్ల నిషేధం. వచ్చే నెల జాతీయ రెఫరీల ప్యానెల్ పరీక్ష. లీగ్ పంపే జాబితాలో మొదటి పేరు ఆమెదే. ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. పన్నెండేళ్లుగా ఎండలో వానలో, మగపిల్లల బూతుల మధ్య పరుగెత్తింది ఈ ఒక్క జాబితా కోసమే.

"నా గీత మీద టేపు పెట్టావన్నమాట!"

సుకన్య ఉలిక్కిపడి తిరిగి చూసింది. మంకీ క్యాప్, తెల్ల కాన్వాస్ బూట్లు, ఆరడుగుల మనిషి. చలపతిరావు! అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతాడు. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా మాటలో ఆ యాస చెక్కుచెదరలేదు. ఆయనకూ రాత్రి నిద్రపట్టలేదని ఎర్రబడ్డ కళ్లే చెబుతున్నాయి.

"సార్, మీ ఫిర్యాదుకే జవాబు రాద్దామని వచ్చిన."

"ఏంటమ్మా రాసేది? ఆ గొడవ తర్వాత ఏ మగాడూ పెట్టని టేపు నువ్వు పెట్టావు. మీ నాన్న కూడా ఇంతకు తెగించలేదు."

"సార్, జర ఇనుండ్రి. చుక్క తొమ్మిది అరవై ఉన్నది."

"ఏంటి?"

"పదకొండు ఉండాలె. తొమ్మిది అరవై ఉన్నది. గా పక్క సుత అంతే."

చలపతిరావు పెద్దగా నవ్వాడు. అంత పొద్దున్న ఖాళీ గ్రౌండులో ఆ నవ్వు ఎవరికోసమో తెలియలేదు. "నా అంగ ఎంతో తెలుసా నీకు? గజం. కాలేజీలో ఎన్‌సీసీలో నేర్పారు, ముప్పై ఏళ్లుగా అదే. పెనాల్టీ చుక్క పన్నెండు గజాలు, నావి పన్నెండు అంగలు. మీ నాన్నను అడుగు. చలపతిరావు గీసిన గీత టేపు కంటే నయమని పంజగుట్టవాళ్లే ఒప్పుకునేవారు. నీ టేపు ఎక్కడ కొన్నావో గానీ, దాన్ని పారేయ్."

"పోనీ మీరే నడిచి చూడుండ్రి సార్."

"నడుస్తా. నాకేంటి భయం?"

గోల్ లైను మీద మడమ ఆనించి నిలబడ్డాడు. క్యాప్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ బయలుదేరాడు. సుకన్య కళ్లు ఆయన మొహం మీద లేవు, కాళ్ల మీద ఉన్నాయి. ఎడమ కాలు బారుగా పడుతోంది. కుడి కాలు దాన్ని దాటి ముందుకు వచ్చి, అంత దూరం చేరకుండానే దిగిపోతోంది. ఆయనకు ఆ సంగతి తెలియడం లేదు. తలెత్తి నిటారుగా, మిలటరీవాడిలా నడుస్తున్నాడు. పది, పదకొండు, పన్నెండు. బూటు సరిగ్గా సున్నం చుక్క మీద పడింది.

"చూశావా!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "పన్నెండంటే పన్నెండు. వెంట్రుకవాసి తేడా లేదు."

ఆయన మోకాలికి ఆపరేషన్ అయిందని లీగ్‌లో అనుకోవడం సుకన్యకు గుర్తొచ్చింది.

"సార్, మీ మోకాలు ఆపరేషన్ ఎప్పుడయింది?"

"ఆగస్టులో. దానికీ దీనికీ..."

మాట సగంలో ఆగింది. చలపతిరావు వంగి తన కుడి కాలి వంక చూసుకున్నాడు. వెనక్కి తిరిగి గోల్ లైను వంక చూశాడు. మెల్లగా వెనక్కి వెళ్లి, మళ్లీ నడిచాడు. ఈసారి లెక్క పైకి అనలేదు. ఐదో అంగ దగ్గరే ఆగిపోయి, కుడి కాలిని బలవంతంగా ముందుకు చాపబోయాడు. అమ్మా అని మోకాలు పట్టుకున్నాడు. సుకన్య పరుగున వెళ్లి భుజం పట్టుకుంది. వద్దని చేయి విదిలించలేదు ఆయన. అలాగే ఆ మట్టిలో కూర్చుండిపోయాడు.

"అంటే మా పిల్లల్ని ఓడించింది నేనేనా?"

ఫిర్యాదు రాసినప్పటినుంచీ ఈ మనిషి మీద సుకన్యకు ఒళ్లు మండిపోతోంది. ఇప్పుడు ఆ మంట ఎక్కడికి పోయిందో తెలియలేదు.

"ఏడాదిపాటు డబ్బాలో నిలబెట్టి ప్రాక్టీసు చేయించాను తారక్ చేత," అన్నాడాయన. "పన్నెండు గజాల నుంచి ఎవడు కొట్టినా చేయి అందిస్తాడు. నిన్న వాడు చేయి చాపకముందే అయిపోయింది. ఏరా నిద్రపోయావా అని అందరి ముందూ చెంప పగలగొట్టాను. ఇవాళ ఆరింటికి కమిటీ మీటింగు. వాడి పేరు క్లబ్బులోంచి కొట్టేయాలని నేనే తీర్మానం పెట్టాను."

"ఎందుకు సార్?"

"పోయిన నెల వాడు మన పక్కనే మధురానగర్లో ఉన్న గది ఖాళీ చేసి పంజగుట్టలో దిగాడు. అమ్ముడుపోయాడని అందరూ అంటున్నారు. నేనూ అన్నాను."

మెట్రో రైలు ఒకటి దూరంగా మోత పెట్టుకుంటూ వెళ్లిపోయింది. చలపతిరావు లేచాడు. ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకుంటూ, మొహం పక్కకు తిప్పుకొని, వ్యాపారం మాట్లాడే గొంతుతో అన్నాడు: "చూడమ్మా. ఇది బయటపడితే నువ్వు టిక్కు కొట్టిన ఫారం కూడా బయటపడుతుంది. నీ పరీక్ష పోతుంది. నా పరువు పోతుంది. నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, నువ్వు ఆ టేపు చుట్టేసుకో. రెండు రోజులు పోతే వాన రాకపోయినా జనం కాళ్లకే ఈ సున్నం చెరిగిపోతుంది."

ఎంత సుళువుగా అన్నాడో! సుకన్యకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చిందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే తప్పేముంది, మనిషే కదా. జాబితాలో తన పేరు, రైలు టికెట్టు, కొత్త బ్యాడ్జి అన్నీ కళ్లముందు గిర్రున తిరిగాయి. టేపు చుట్టడం కూడా మొదలుపెట్టింది. సగం చుట్టాక చేతులు ఆగాయి.

"మరి తారక్ సంగతి ఏంది సార్?"

చలపతిరావు జేబులోంచి క్యాప్ తీసి పెట్టుకున్నాడు. "వాడు కుర్రాడు. ఇంకో క్లబ్బు చూసుకుంటాడు."

"అమ్ముడుపోయిండు అన్నోన్ని ఎవలు తీసుకుంటరు సార్?"

ఆయన గోల్ లైను వంక ఇంకోసారి చూశాడు. చివరికి, "మధ్యాహ్నం దాకా టైమివ్వు," అని మాత్రం అని, కుంటుకుంటూ గేటు వైపు వెళ్లిపోయాడు. తను కుంటుతున్నానని ఆయనకు తెలిసిన మొదటి నడక అది.

సుకన్య పంజగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో కౌంటర్ మీద పనిచేస్తుంది. ఆ రోజు ఆమె చేసిన పని చూస్తే యజమాని తల పట్టుకునేవాడు. షుగర్ పరీక్షకొచ్చిన ముసలాయన్ని ఎక్స్‌రేకు పంపింది. నలభై రెండో టోకెన్ రెండుసార్లు పిలిచి, నలభై మూడును వదిలేసింది. పక్క కౌంటర్ మంజూష చాటుగా, "అక్కా, నీకు బాగలేదా? నువ్వే ఓ రక్తపరీక్ష చేయించుకోరాదూ," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి నోరు మూసుకుంది. గంటకు నాలుగుసార్లు ఫోను చూసుకుంది సుకన్య. చలపతిరావు నుంచి ఏమీ లేదు.

ఒంటిగంటకు అద్దాల తలుపు తోసుకొని తారక్ వచ్చాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు. కుడిచేతి రెండు వేళ్లు కలిపి కట్టు కట్టి ఉన్నాయి. చెంప మీద ఐదు వేళ్ల వాపు ఇంకా తగ్గలేదు.

"ఎక్స్‌రే కోసం కాదండీ," అన్నాడు కౌంటర్ మీదికి వంగి. "మిమ్మల్ని ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. తిట్టకండి."

"అడుగు."

"నేను ఆలస్యంగా దూకానా?"

సుకన్య చేతిలోని టోకెన్ పక్కన పెట్టింది.

"వీడియో నలభైసార్లు చూశానండీ. అనుదీప్ అన్న నడుం తిప్పగానే కదిలాను. ఎప్పుడూ అప్పుడే కదులుతాను, అందుతుంది. నిన్న బంతి అంత తొందరగా ఎట్లా వచ్చిందో అర్థం కావట్లేదు. నా కళ్లలోనే ఏమైనా తేడా ఉందేమో అనిపిస్తోంది. కంటి పరీక్ష చేయించుకోమంటారా?" అని ఆగి, తల దించుకొని, "నేను అమ్ముడుపోలేదండీ. ఇక్కడ అద్దె పదిహేను వందలు తక్కువని మారాను, అంతే," అన్నాడు.

చెప్పేయాలనిపించింది. అప్పటికప్పుడు కౌంటర్ దూకి ఆ కుర్రాడి రెండు భుజాలూ పట్టుకొని, నీ కళ్లకు ఏమీ కాలేదురా అని అరవాలనిపించింది. కానీ కాగితం మీద రాయకుండా నోటితో చెప్పి ఏం లాభం? సాయంత్రానికి ఎవరు నమ్ముతారు?

"నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ తమ్మీ," అంది. "ఫికర్ చెయ్యకు. ఆరింటిదాక ఆగు."

అతనికేం అర్థమైందో గానీ, చిన్నపిల్లాడిలా తలూపి వెళ్లిపోయాడు. సుకన్య బాత్‌రూంలోకి వెళ్లి తలుపేసుకొని, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అంతే, ఆమె మనసు ఖాయమైపోయింది. పరీక్ష పోతే పోనీ.

మూడుంబావుకు ఫోన్ మోగింది.

"అమ్మా, చలపతిరావుని. తీర్మానం వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు ఆటోలో మాసబ్ ట్యాంక్ వెళ్తున్నాను. లీగ్ ఆఫీసు వరండాలో గోడ పొడవునా పన్నెండు అంగలు నడిచి చూపిస్తాను. కొలుచుకోమంటాను. నవ్వేవాళ్లు నవ్వుకుంటారు." గొంతు గరగరలాడింది. "నీ టిక్కు సంగతి నేను ఎత్తను. అది నీ ఇష్టం."

"నేను సుత రాస్తున్న సార్. ఐదింటిలోపల వస్త."

ఫోన్ పెట్టేసిన తర్వాత, పొద్దుటినుంచి మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకుంది. మంజూషకు కౌంటర్ అప్పజెప్పి, వెనక గదిలో స్టాఫ్ భోజనాల బల్ల మీద రిపోర్టు ఫారం పరిచింది. తొమ్మిది గడుల ఫారం. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, లోపం ఏమిటి, బాధ్యులు ఎవరు. బాధ్యులు అన్నచోట చలపతిరావు పేరు కంటే ముందు తన పేరు రాసుకుంది. 'గ్రౌండు కొలవకుండానే కొలిచినట్టు టిక్కు పెట్టాను' అని కూడా రాసింది. అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి.

ఎనిమిదో గడి నింపేసరికి బయట ఒకటే హడావుడి.

"తీస్కోండ్రమ్మా, తీస్కోండ్రి! మొహమాటపడొద్దు! పంతొమ్మిదేండ్లకు గెల్సినం, ఒక్క జిలేబీ తింటే ఏమైతది? షుగరున్నోళ్లు సుత తినొచ్చు, పరీక్ష ఎట్లనో ఈడనే చేస్తరాయె!"

రాజనర్సయ్య. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. పంజగుట్ట జట్టుకు ఒకప్పుడు గోల్ ముందు కాపుకాసే స్టాపర్ బ్యాక్, కిందటిసారి కప్పు గెలిచినప్పుడు కోచ్, ఇప్పుడు క్లబ్బు సలహాదారు. సుకన్యకు తల్లి చిన్నప్పుడే పోతే, ఆ పిల్లను గ్రౌండు గట్టు మీద కూర్చోబెట్టుకొని పెంచాడు. ఆమె మెడలో మొదటి విజిలు వేసింది ఆయనే. నిన్న రాత్రి తాము ఉండే యూసుఫ్‌గూడ వీధిలో డప్పులు పెట్టించి, అరవై ఆరేళ్ల వయసులో కుర్రాళ్లతో సమానంగా ఎగిరాడు.

డబ్బా పట్టుకొని వెనక గదిలోకి వచ్చాడు. "ఏంది బిడ్డా, మొఖం గట్ల వెట్టినవ్? గా చలపతిరావు కాయితానికి భయపడ్డవా? గాయన ఓడినప్పుడల్ల రాస్తడు."

"నాయినా, కూసో. పెనాల్టీ చుక్క ఉండాల్సినదాని కంటె మీటరున్నర దగ్గరున్నది. నేను కొలవలే. గదే రాస్తున్న."

రాజనర్సయ్య కూర్చోలేదు. జిలేబీ డబ్బా మూత మెల్లగా మూశాడు.

"ఎవలు కొలిచిండ్రు?"

"నేనే. పొద్దుగాల."

"ఇంకెవలకు ఎర్క?"

"చలపతిరావు సార్‌కు. గాయన సుత ఒప్పుకుంటున్నడు." సుకన్య తండ్రి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏదో లేదు. ఏం లేదో అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆశ్చర్యం లేదు. "నాయినా, నువ్వు పరేషాన్ అయితలేవేంది?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నాయినా!"

"చూసిన బిడ్డా," అన్నాడు అటు తిరిగే. "మస్తు ఏండ్లు గా డబ్బాల నిలవడ్డోన్ని. గోల్ కాడ నిలవడి చూస్తే చుక్క ఏడుండాలెనో నా కండ్లకు ఎర్కుంటది. నిన్న మ్యాచ్‌కు ముంగట, పోరగాళ్లు వార్మప్ చేస్తుంటే చూసిన. దగ్గరకొచ్చింది."

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తే నువ్వు టేపు తీసేదానివి."

"తీసేదాన్నే!"

"గందుకే జెప్పలే."

సుకన్యకు తల కొట్టేసినట్టయింది. విజిలు నోట్లో పెట్టుకున్నాక ఇంటివాళ్ల మొహం చూడొద్దని తనకు పదిసార్లు కాదు, వందసార్లు చెప్పిన మనిషి ఈయనేనా? కోపం తన్నుకొచ్చింది. అరవబోయింది. ఆయన తిరిగి చూశాడు. ఎప్పుడూ తడవని కళ్లు తడిగా ఉన్నాయి.

"పంతొమ్మిదేండ్లు బిడ్డా. ప్రతి ఏడు గీ ఏడే అనుకున్న. సచ్చేలోపల ఒక్కపారి చూస్తనో లేదో అనుకున్న. తప్పే. తప్పు కాదంటలే."

ఫారంలో తొమ్మిదో గడి ఖాళీగా ఉంది. 'ఈ లోపం మ్యాచ్‌కు ముందే తెలిసినవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే పేర్లు.' తెలిసీ దాచినవాడు క్లబ్బు మనిషైతే, ఆ క్లబ్బుకు రెండేళ్లు లీగ్‌లో చోటుండదు. రాజనర్సయ్యకు ఆ నిబంధన కూతురికంటే బాగా తెలుసు. వచ్చి బల్ల మీద, సరిగ్గా ఆ గడి మీద అరచేయి పెట్టాడు. బస్సు స్టీరింగు పట్టి పట్టి గట్టిపడిన అరచేయి.

"ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్న అడిగిన్నా? నీ తప్పు రాసుకో. చలపతిరావు తప్పు రాసుకో. మ్యాచ్ మళ్ల పెట్టమను, ఆడ్తం, ఓడితే ఓడుతం. గీ గడి ఒక్కటి ఇడిశిపెట్టు. మన పోరగాళ్ల బతుకులు ఖరాబు చెయ్యకు."

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. మాసబ్ ట్యాంక్ చేరాలంటే ఇప్పుడే లేవాలి. అక్కడ చలపతిరావు ఈపాటికి నలుగురి ముందూ కుంటుతూ నడిచే ఉంటాడు. సుకన్య ఆ అరచేతి వంక చూసింది. ఈ మనిషి మీద కోపం ఉంది, జాలి ఉంది, ప్రేమ అన్నిటికంటే ఎక్కువ ఉంది. అదే ఆమెను నిలువునా కోసింది. గడి ఖాళీగా వదిలి కింద సంతకం పెట్టవచ్చు. ఆదివారం కొట్టిన టిక్కు కూడా అంత తేలిగ్గానే కొట్టింది.

తండ్రి చేయి రెండు చేతులతో పట్టుకొని, మెల్లగా కాగితం మీదినుంచి తీసి, తన ఒళ్లో పెట్టుకుంది.

"నీ పేరు ఇంటిపేరుతోని రాయాల్నా నాయినా?"

రాజనర్సయ్య కుర్చీ లాక్కొని, ముసలివాడిలా, రెండు చేతులూ ఆనించుకొని కూర్చున్నాడు.

"రాయి," అన్నాడు. "గని నా ఒక్కని పేరే రాస్తే, నువ్వు గీ కాయితం మీద సుత అబద్ధం రాసినట్టే. చుక్క దగ్గరున్నది, పెనాల్టీ దొరికితే నేలబారుగ గట్టిగ కొట్టుండ్రి అని, మ్యాచ్‌కు ముంగట పదకొండు మందిని వరుసగ నిలవెట్టి జెప్పిన. అందరు ఇన్నరు. ఒక్కడు సుత తప్పు గదా కాకా అనలే. పదకొండు పేర్లు రాయాలె బిడ్డా. రాస్తవా?"